తలుపు సందున వెలుగు



మా కొలకలూరు బడిలో నేను పిల్లలకు ఒక తమాషా చూపేవాణ్ణి. గది కిటికీలన్నీ మూసి, తలుపు ఓరగా వుంచితే, సందులోంచి యెండ పలుచని రేకులాగా లోపలికి వస్తుంది. అందులో దుమ్ము రేణువులు మిలమిల మెరుస్తూ తేలుతాయి. తలుపు బార్లా తెరిస్తే అవి కనిపించవు. దుమ్ము యెక్కడికీ పోలేదు. వెలుగు యెక్కువై మరుగున పడింది!

శాస్త్రజ్ఞులకూ సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. మన శరీరం కోట్లాది జీవకణాల కట్టడం. కణాలకు చాలావాటికి రంగు వుండదు. అందుకని వాటిలో మెరిసే పదార్థాన్ని చేరుస్తారు. 1962లో షిమొమురా అనే జపాను శాస్త్రజ్ఞుడు జెల్లీచేపలో అటువంటి మాంసకృత్తును కనుగొన్నాడు. దానిమీద నీలి కాంతి పడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు.

అయితే మామూలు సూక్ష్మదర్శినిలో కాంతి పై పొర నుంచి అడుగు పొర దాకా పడుతుంది. అన్నీ ఒక్కసారే వెలిగి, బొమ్మ అలుక్కుపోతుంది. పైగా కాంతి మితిమీరితే కణాలు చచ్చిపోతాయి. బతుకు చూడబోయి ప్రాణం తీసినట్టే గదా!

2004లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హుయిస్కెన్, స్టెల్జర్ మొదలైనవారు మన తలుపు సందు వంటి ఉపాయమే చేశారు. కాంతిని పలుచని రేకుగా మార్చి, ప్రక్కనుంచి పంపారు. ఆ ఒక్క పొరే వెలిగింది. కెమేరా దాని బొమ్మ తీసింది. ప్రాణిని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కొక్క పొరనే తీసి, పుస్తకంలో కాగితాలలాగా పేర్చితే, నిడివి, వెడల్పు, లోతు మూడూ కనిపిస్తాయి. మిగతా పొరలమీద కాంతి పడదు గనుక వాటికి బాధ తక్కువ.

ఇంకొక చిక్కు మిగిలింది. కాలువ నీరు కదిలితే అడుగున వున్న గులకరాయి వంకరటింకరగా కనిపిస్తుంది. శరీరంలోని పొరలు కూడా కాంతిని అలాగే వంచుతాయి. నక్షత్రాలు మిణుకుమనేది కూడా గాలి పొరల వల్లనే. ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ వంకరను కొలిచి, అద్దాన్ని దానికి తగినట్టు వంచి సరిదిద్దుతారు. 2018లో అమెరికాలో ఎరిక్ బెట్జిగ్, శ్రీగోకుల్ ఉపాధ్యాయుల మొదలైనవారు ఈ విద్యను కాంతి రేకుతో జతచేశారు. మన దేశపు నీళ్ళలోనూ దొరికే జీబ్రాచేప పిల్ల చెవిలో, రోగాలతో పోరాడే కణం ప్రాకుతూ చక్కెర జాతి రేణువులను మింగటం చూశారు!

చచ్చిన కణం తానెక్కడ వున్నదో మాత్రమే చెబుతుంది. బ్రతికిన కణం ఎక్కడికి పోతున్నదో, ఏం చేస్తున్నదో చెబుతుంది. క్యాన్సరు కణం శరీరంలో ఎలా ప్రాకుతుందో తెలిస్తేనే గదా, దాన్ని ఆపే దారి వెతకటం!

రేపు పొద్దున మీరూ తలుపు ఓరగా మూసి చూడండి. సూర్యునివైపు మాత్రం చూడకండి, దుమ్మును చూడండి.