మెదడుకు ఆక్సిజన్ అందుతోందా? వెలుగు చెప్పే సంగతి

కరెంటు పోయినప్పుడు టార్చిలైటును అరచేత్తో మూసి చూడనివాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. చెయ్యి ఎర్రగా మెరుస్తుంది. ఎర్రని కాంతి మాంసం గుండా కొంత దూరం పోగలదు. ఈ సూత్రంతోనే పసిపిల్లల పుర్రె తెరవకుండా, మెదడుకు ఆక్సిజన్ అందుతోందో లేదో చూస్తున్నారు. ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న మీ పూర్వ విద్యార్థిగా, తలలో నీరు చేరిన పిల్లలకు ఇదెలా ఉపయోగపడుతుందో చెప్పాలనిపించింది.

ముందు జబ్బు సంగతి. మెదడు లోపలి గదుల్లో మస్తిష్క మేరు ద్రవం ఊరుతుంటుంది. పెద్దవాళ్ళలో ఎప్పుడు చూసినా ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే కానీ, రోజుకు ఊరేది దాదాపు అర లీటరు. అదంతా తిరిగి రక్తంలో కలిసిపోవాలి. కాలువకు అడ్డం పడినట్టు దారి మూసుకుపోతే గదులు ఉబ్బుతాయి. ఇదే హైడ్రోకెఫలస్. పసిబిడ్డకైతే పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తల పెరుగుతుంది, మాడు ఉబ్బుతుంది. మన వయసు పిల్లలకు పుర్రె సాగదు. లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం ఎక్కడం కష్టమవుతుంది. రక్తం తగ్గితే ఆక్సిజన్ తగ్గినట్టే.

చికిత్సగా చాలామందికి షంట్ వేస్తారు. అంటే చర్మం కింద నుంచి కడుపులోకి ఒక సన్నని గొట్టం. దానికో వాల్వ్. అమెరికాలో తాళాల కంపెనీలో పనిచేసే జాన్ హోల్టర్, తన కొడుక్కు ఈ జబ్బు రావడంతో ఇలాంటి వాల్వ్ తయారుచేశాడు. 1956లో దాన్ని వాడటం మొదలుపెట్టారు. డాక్టరు కాదు, మెకానిక్! ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

అయితే షంట్ మూసుకుపోవచ్చు. అనుమానం వచ్చిన ప్రతిసారీ సి.టి. స్కాన్ తీస్తే పిల్లవాడికి రేడియేషన్. అందుకే మంచం పక్కనే చూసే సాధనం కోసం వెతుకులాట.

1977లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో ఫ్రాన్స్ జాబ్సిస్ అనే శాస్త్రవేత్త, కంటికి కనబడని పరారుణ కాంతి పుర్రెను దాటి మెదడులోకి పోయి తిరిగి వస్తుందని చూపించాడు. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఈ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. నుదుటికి స్టిక్కర్‌లాంటి పట్టీ అంటిస్తారు. ఒకచోట నుంచి వెళ్ళిన కాంతి లోపల వంపు తిరిగి, కాస్త దూరంలోని రెండు గ్రాహకాలకు చేరుతుంది. దగ్గరి గ్రాహకం చర్మం సంగతి చెబితే, దూరపుది మెదడు సంగతి కూడా చెబుతుంది. రెంటి తేడాతో లెక్క కడతారు.

కరోనా కాలంలో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్‌కు ఇది చుట్టమే. కానీ అది ధమనుల్లోని రక్తాన్నే చూస్తుంది కాబట్టి 95కు పైన చూపాలి. ఇది చూసే రక్తంలో ఎక్కువ భాగం మెదడు ఆక్సిజన్ వాడుకున్న తర్వాతది. అందుకే మామూలుగా 60 నుంచి 80 మధ్య ఉంటుంది. 70 చూసి కంగారుపడే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పాలి. నెలలు నిండక పుట్టి, మెదడులో రక్తస్రావం వల్ల నీరు చేరిన పిల్లలకు ఆ నీరు కొంత తీయగానే మెదడు రక్తప్రసరణ మెరుగైనట్టు 2004లో బోస్టన్ డాక్టర్లు ఈ కాంతి పద్ధతితోనే చూపించారు.

ఇందులో ఒక చిక్కుంది. ఆ ద్రవం తేటగా ఉంటుంది. మెదడు మీద అది మందంగా ఉంటే కాంతి లోపలికి పోకుండా పక్కలకు జారిపోతుంది, అంకె తప్పవుతుంది. పైగా పట్టీ కింద ఉన్న భాగాన్నే చూస్తుంది. కాబట్టి ఒక్క అంకెను నమ్మరు. అదే పిల్లవాడికి నిన్నటికీ నేటికీ తేడా చూస్తారు. స్కాన్‌కు ఇది బదులు కాదు.

ఈ యంత్రం ఎక్కువగా పెద్ద ఆస్పత్రుల్లోనే ఉంటుంది. హాస్టల్లో మనకున్నవి కళ్ళే. షంట్ ఉన్న తమ్ముడు పొద్దున్నే తలనొప్పి అన్నా, వాంతులు చేసుకున్నా, మత్తుగా పడుకున్నా స్టడీ అవర్ ఎగ్గొట్టే సాకు అనుకోవద్దు. మాత్ర ఇచ్చి పడుకోబెట్టకుండా, వెంటనే వార్డెన్‌గారికి చెప్పి మెదడు ఆపరేషన్లు చేసే ఆస్పత్రికి చేర్చాలి. ఆపరేషన్ కాగితాల జిరాక్సు ఒకటి ఆఫీసు బీరువాలో ఉంచితే అర్ధరాత్రి వెతుక్కోనక్కర్లేదు.