మంచులో మొలిచే పుట్టగొడుగు: ఎందుకు? ఎలా?

మనకు పుట్టగొడుగులంటే వానాకాలమే. నాలుగు జల్లులు పడి ఉరుము ఉరిమిందంటే పుట్టల దగ్గర వెతుకులాట మొదలవుతుంది. పుష్యమాసపు చలిలో పుట్టగొడుగుల కోసం బయల్దేరితే ఊళ్లో నవ్వుతారు. యూరప్‌లో మాత్రం దాదాపు అక్టోబరు నుంచి మార్చి దాకా, మంచు పేరుకున్న రోజుల్లోనూ, ఎండిన మానుల మీద తేనెరంగు గొడుగులు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. ఇంగ్లండులో వీటిని వెల్వెట్ షాంక్ అంటారు. శాస్త్రీయ నామం ఫ్లామ్యులినా వెలుటిపెస్. హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో అమ్మే సన్నటి తెల్లటి ఎనోకి దీనికి దగ్గరి చుట్టమే.

చలి పడితేనే ఎందుకు మొలుస్తుంది?

మనం కోసుకునే గొడుగు ఈ జీవిలో పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు జీవి చెక్క లోపల పాకే సన్నటి పోగులు. ఎల్మ్, యాష్, బీచ్, విల్లో లాంటి చెట్ల చచ్చిన కలపను అవి మెల్లగా కుళ్లబెట్టి తింటాయి. 20 డిగ్రీలు దాటిన వెచ్చదనంలో పోగులు చురుగ్గా అల్లుకుంటాయి గానీ గొడుగు వేయవు. చలి 15 డిగ్రీల లోపుకు దిగాలి, అప్పుడే మొగ్గ తొడుగుతాయి. ఇందులో లాభమూ ఉంది. పుట్టగొడుగుల్లో గుడ్లు పెట్టే ఈగలు ఆ చలిలో పెద్దగా తిరగవు. అందుకే వానాకాలపు వాటిలా ఇది తొందరగా పురుగు పట్టదు. 1960ల చివరి నుంచి డచ్ ఎల్మ్ తెగులు బ్రిటన్‌లో లక్షలాది ఎల్మ్ చెట్లను చంపేసింది. ఆ మోళ్లు దీనికి మంచి మేత అయ్యాయి.

గడ్డకట్టినా ఎలా బతుకుతుంది?

మామూలు పుట్టగొడుగును ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే నీరుకారిపోయి మెత్తబడుతుంది. కణాల్లోని నీరు మంచు స్ఫటికాలుగా మారి పొరలను చీల్చేయడమే అందుకు కారణం. వెల్వెట్ షాంక్ సంగతి వేరు. రాత్రి గట్టిగా గడ్డకట్టినా, పొద్దెక్కి మంచు కరిగాక మళ్లీ సిద్ధబీజాలు వదలడం మొదలుపెడుతుంది. మంచు స్ఫటికాలను పెరగనివ్వని ఒక రకం ప్రోటీన్లను శాస్త్రవేత్తలు ఇందులో గుర్తించారు. మిగతా పుట్టగొడుగులు ఒక్క మంచు దెబ్బకే వాలిపోయే కాలంలో ఇది నిలబడుతోందంటే వాటి పాత్ర చిన్నది కాదు.

ఎలా గుర్తుపట్టాలి?

గొడుగు పైభాగం తేనెరంగులో, నడుమ కాస్త ముదురుగా, తడిస్తే జిగురుగా ఉంటుంది. కాడ పైన లేతపసుపు. కిందికి వచ్చేసరికి నలుపు తిరిగిన గోధుమరంగు. వేలితో రాస్తే అక్కడ మెత్తటి నూగు తగులుతుంది. కాడకు ఉంగరంలాంటి పొర ఉండదు.

ఇంత తెలిసినా తొందరపడకూడదు. గలెరీనా మార్జినాటా అనే విషపు గొడుగు కూడా చచ్చిన కలప మీదే, ఇంచుమించు ఇదే రంగులో మొలుస్తుంది. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిన్న చాలా గంటల దాకా ఏ బాధా తెలియదు. దాని కాడకు పొర ఉంటుంది గానీ అది ఊడిపోవచ్చు కూడా. కాబట్టి సిద్ధబీజాల రంగు చూసి తీరాలి. గొడుగును కాడ నుంచి వేరుచేసి, సగం నలుపు సగం తెలుపు ఉన్న కాగితం మీద రేకుల వైపు కిందికి బోర్లించి, పైన గాజు గ్లాసు మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి నల్లకాగితం మీద తెల్లటి పొడి గీతలుగా కనిపిస్తే అది వెల్వెట్ షాంక్ కావచ్చు. తుప్పురంగు పొడి రాలితే ఆ గుత్తి మొత్తం పారేయాల్సిందే. ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన సరిపోదు. తెలిసినవాళ్లు పక్కనుండి చూపించనిదే అడవిది ఏదీ నోట్లో పెట్టుకోకూడదు.

ఎనోకి తెల్లగా, సన్నగా ఎందుకుంటుంది?

అడవిలో పెరిగితే ఎనోకి కూడా తేనెరంగులోనే ఉంటుంది. చాలాకాలం రెండింటినీ ఒకే జాతిగా లెక్కగట్టారు. ఆసియాలో సాగుచేసే రకాన్ని 2018లో వేరే జాతిగా విడదీశారు. జపాన్‌లో నగానో ప్రాంతం దీని సాగుకు పేరుపొందింది. రంపపు పొట్టు, తవుడు లాంటివి కూరిన సీసాల్లో ముందు వెచ్చగా పోగులు అల్లుకోనిస్తారు. తరువాత చల్లటి గదికి మార్చి, వెలుతురు తగ్గించి, సీసా మూతి చుట్టూ పట్టీ చుడతారు. ఆ పట్టీ లోపల కార్బన్ డయాక్సైడ్ నిలుస్తుంది. చీకటి మూల మర్చిపోయిన బంగాళదుంప మొలకలా కాడలు పాలిపోయి పొడవుగా సాగుతాయి, గొడుగు విప్పుకోదు. పైగా సాగుకు ఎంచుకునేవి కూడా తెల్లటి రకాలే.

పచ్చిగా ఎందుకు తినకూడదు?

రెండు కారణాలు. ఒకటి, ఇందులో ఎర్ర రక్తకణాలను చితకగొట్టగల ప్రోటీన్ ఉంది. వేడి తగిలితే అది విరిగిపోతుంది. రెండోది లిస్టీరియా అనే బాక్టీరియా. చాలా క్రిములు ఫ్రిజ్ చలికి పెరగడం మానేస్తాయి, లిస్టీరియా మానదు. 2016 నుంచి 2019 దాకా అమెరికాలో ఎనోకి వల్ల 36 మంది జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. గర్భిణులకు, వయసు మళ్లినవారికి దీంతో ముప్పు ఎక్కువ. అందుకని సలాడ్లలో పచ్చిగా చల్లుకోవద్దు. కట్ట అడుగుభాగం కోసేసి, కడిగి, వెల్లుల్లి పోపులో బాగా మగ్గనివ్వాలి, లేదా చారులో పొగలు కక్కేదాకా మరగనివ్వాలి. అడవిదైతే పీచుగా ఉండే కాడను తీసేసి గొడుగునే వండుకోవాలి. చలికి ఓర్చుకోవడం పుట్టగొడుగుకే కాదు, దాని మీద చేరే క్రిమికీ తెలుసు. ఫ్రిజ్‌ను నమ్ముకోకుండా పొయ్యి వెలిగించడమే మంచిది.