కోసిన డబ్బు ఎవరికి మిగిలింది?

లండన్‌లో ఆఫీసులు తుడిచే మన అక్క ఒకామె. ఇక్కడ స్థిరంగా ఉండే హక్కు వచ్చింది. గంటలు సరిగా దొరక్క, జీతం చాలక యూనివర్సల్ క్రెడిట్ కూడా తీసుకుంటోంది. ఓ రోజు సూపర్‌వైజర్ ఉన్నట్టుండి షిఫ్టు మార్చాడు. జాబ్‌సెంటర్ అపాయింట్‌మెంట్ తప్పింది. డబ్బు కోసేశారు.

దీన్ని ఇక్కడ శాంక్షన్ అంటారు. మన ఊళ్లో పెన్షన్ శాంక్షన్ అయిందంటే స్వీట్లు పంచుతాం. ఇక్కడ అదే మాటకి ఉన్నది ఆగిపోయిందని అర్థం!

శాంక్షన్‌లో అద్దె కోసమిచ్చే భాగాన్ని ముట్టుకోరు, నిజమే. కానీ పిల్లలు ఆకలంటే అద్దె డబ్బే బియ్యానికి పోతుంది. అక్క విషయంలో అదే జరిగింది. ముందు ఫుడ్ బ్యాంక్‌కి వెళ్లింది. నిద్ర పట్టక జీపీ దగ్గరికెళ్లింది. అద్దె బాకీపడి కౌన్సిల్ మెట్లెక్కింది. ఇంగ్లండ్‌లో 56 రోజుల్లోపు ఇల్లు పోయే పరిస్థితి ఉంటే, అర్హులకి కౌన్సిల్ సాయం చెయ్యాలని చట్టం. అంటే ఒక కౌంటర్‌లో ఆపిన డబ్బుకి ఇంకో రెండు మూడు చోట్ల క్యూ పెరిగింది.

ఇది మన ఏడుపు మాత్రమే కాదు. సర్కారు ఖర్చులు తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2016లోనే ఈ లెక్క అడిగింది. 2015లో శాంక్షన్లతో ఆపింది 13 కోట్ల 20 లక్షల పౌండ్లు. మరీ ఇబ్బందిలో ఉన్నవాళ్లకి హార్డ్‌షిప్ పేమెంట్‌గా ఇచ్చింది 3 కోట్ల 50 లక్షలు. శాంక్షన్లు వెయ్యడానికే ఏటా 3 నుంచి 5 కోట్లు ఖర్చని అంచనా. మిగతా సేవల మీద ఎంత భారం పడిందో లెక్కే లేదని తేల్చింది. మరి మిగిలిందెంత?

యూనివర్సల్ క్రెడిట్‌లో హార్డ్‌షిప్ పేమెంట్ అప్పులాంటిది, తర్వాత కోసుకుంటారు. అందుకే ముందు శాంక్షన్ మీదే పోరాడండి. షిఫ్టు మారగానే ఆన్‌లైన్ జర్నల్‌లో రాయండి, సూపర్‌వైజర్ మెసేజ్ దాచండి. నెలలోపు 'మ్యాండేటరీ రీకన్సిడరేషన్' అడగండి. కాదంటే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు.

వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' అని ఉన్నవాళ్లు మాత్రం సలహా తీసుకోకుండా యూనివర్సల్ క్రెడిట్‌కి అప్లై చెయ్యొద్దు, వీసాకే ముప్పు. ఫుడ్ బ్యాంక్ పబ్లిక్ ఫండ్ కాదు, భయపడక్కర్లేదు.

అక్క మెసేజ్ చూపించింది, శాంక్షన్ ఎత్తేశారు. డబ్బు తిరిగొచ్చేసరికి ఇంటాయన నోటీసు ఇచ్చేశాడు.