నయం కాని జబ్బుకూ చికిత్స ఉంది: స్పర్శ్ హాస్పైస్ ఎలా మొదలైంది, ఎలా పెరిగింది?

"ఇంక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకెళ్లండి." క్యాన్సర్ ముదిరిన రోగి ఇంట్లో వాళ్లకు ఈ మాట పిడుగులాంటిదే. పంజాగుట్టలో నిమ్స్, రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి కాబట్టి అమీర్‌పేట, మధురానగర్, ఎర్రగడ్డ చుట్టుపక్కల బస్తీల వాళ్లకు పెద్ద వైద్యం దూరమేమీ కాదు. కష్టమంతా ఆ తర్వాతే మొదలవుతుంది. రాత్రి రెండింటికి నొప్పితో అమ్మీ అరుస్తుంటే ఎవరికి ఫోన్ చేయాలి? పుండు నుంచి వాసన వస్తుంటే ఎలా శుభ్రం చేయాలి? అబ్బా గుక్కెడు నీళ్లు కూడా మింగలేకపోతే ఏం చేయాలి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేదే హాస్పైస్. హైదరాబాద్‌లో ఆ పని ఉచితంగా చేస్తున్న సంస్థల్లో ముందు వరసలో వినిపించే పేరు స్పర్శ్ హాస్పైస్.

హాస్పైస్ అంటే ఏమిటి?

ఇది మామూలు ఆస్పత్రీ కాదు, వృద్ధాశ్రమమూ కాదు. జబ్బును తగ్గించలేని దశలో రోగి బాధను తగ్గించే చోటు ఇది. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర లేకపోవడం, పడక పుండ్లు, భయం... వీటన్నిటికీ ఇక్కడ చికిత్స ఉంటుంది. దీన్నే ఉపశమన చికిత్స, పాలియేటివ్ కేర్ అంటారు. రోగితో పాటు ఇంట్లో వాళ్లకూ ధైర్యం చెప్పడం, చూసుకోవడం ఎలాగో నేర్పడం కూడా ఇందులో భాగమే.

ఆధునిక హాస్పైస్‌కు బాట వేసింది డాక్టర్ సిసిలీ సాండర్స్. 1967లో ఆమె లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరిచారు. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్ మొదలైంది. 1993లో కేరళలోని కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు పెట్టిన సంస్థ ఈ సేవను ఇంటింటికీ తీసుకెళ్లింది.

బంజారాహిల్స్‌లో మొదలు

హైదరాబాద్‌లో క్యాన్సర్ వైద్యం అనగానే గుర్తొచ్చే ఎంఎన్‌జే ఆస్పత్రికి ఆ పేరు మెహదీ నవాజ్ జంగ్ మీదుగా వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్‌కు తొలి గవర్నర్ అయిన ఆయనే బంజారాహిల్స్ రాళ్ల గుట్టల మీద మొదట ఇల్లు కట్టుకున్న వారిలో ఒకరు. ఎంఎన్‌జేలో డాక్టర్ గాయత్రి పాలత్ బృందం ఉపశమన చికిత్స విభాగాన్ని నిలబెట్టింది. కానీ రోజూ వచ్చే రోగుల తాకిడికి ఒక్క ఆస్పత్రి ఎక్కడ సరిపోతుంది?

ఆ లోటు తీర్చడానికి రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ సభ్యులు ముందుకొచ్చారు. 2011లో బంజారాహిల్స్‌లోనే కొద్దిపాటి పడకలతో స్పర్శ్ హాస్పైస్ మొదలైంది. డాక్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు, వలంటీర్లు ఒక జట్టుగా పనిచేశారు. రోగి దగ్గర పైసా తీసుకోకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. ఖర్చంతా విరాళాల మీదే నడవాలి.

పడకలు నిండిపోతుంటే మిగతా వాళ్ల సంగతేంటి? దానికి దొరికిన దారి ఇంటికే వెళ్లి చూడటం. వాహనంలో నర్సు, డాక్టర్ రోగి ఇంటికి వెళ్లి నొప్పి ఎంతుందో అడిగి, మందు మోతాదు సరిచేసి, పుండ్లకు కట్టు కట్టి వస్తారు. చాలామంది రోగులు కోరుకునేది కూడా ఇదే: తన ఇంట్లో, తన వాళ్ల మధ్య ఉండాలని.

పదేళ్ల తర్వాత, 2021లో, దాతల సాయంతో ఖాజాగూడలో కొత్త భవనం సిద్ధమైంది. అప్పటి మంత్రి కేటీఆర్ దాన్ని ప్రారంభించారు. పడకల సంఖ్య 82కి పెరిగింది. సంస్థ పెరిగినా ఉచితం అన్న నియమం మాత్రం మారలేదు.

మార్ఫిన్ అంటే భయం ఎందుకు?

క్యాన్సర్ నొప్పికి ప్రధాన మందు మార్ఫిన్. నల్లమందు నుంచి తీస్తారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్స్‌తో నల్లమందు పండుతుంది. అయినా మన రోగులకే ఆ మందు దొరక్కుండా పోయింది. మాదకద్రవ్యాల అక్రమ రవాణాను ఆపడానికి 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంతో లైసెన్సుల చిక్కులు పెరిగి, చాలా ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువు చేసింది.

చట్టం మారినా ఇళ్లల్లో భయం పోలేదు. "అలవాటైపోతుందేమో", "ప్రాణం తొందరగా పోతుందేమో" అని చాలామంది నొప్పిని భరించమంటారు. నిజానికి నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టర్ పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. అది ఆయుష్షును తగ్గించదు, నొప్పిని తగ్గిస్తుంది. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం దాదాపు నాలుగు గంటలు ఉంటుంది కాబట్టి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు ఇవ్వాలి. మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాస్తారు.

మత్తు పదార్థం కదా, వాడొచ్చా అన్న సందేహం కొందరు ముస్లిం కుటుంబాల్లో వస్తుంది. మత్తు కోసం వాడటం వేరు, డాక్టర్ రాసిన మందుగా జరూరత్ కొద్దీ వాడటం వేరు. మనసు కుదుటపడకపోతే నమ్మకమైన ఆలిమ్‌ను అడగొచ్చు. ఆ జవాబు వచ్చేదాకా రోగిని నొప్పితో ఉంచడం మాత్రం సరికాదు.

ఎప్పుడు వెళ్లాలి?

చివరి రెండు రోజుల్లో తీసుకెళ్తే సంస్థ చేయగలిగింది తక్కువే. చికిత్స సాగుతుండగానే ఉపశమన చికిత్స మొదలుపెట్టొచ్చు. ఆఖరి ఆశతో ఇల్లు తాకట్టు పెట్టి ఐసీయూ బిల్లులు కట్టేముందు, "ఈ చికిత్స వల్ల జబ్బు తగ్గుతుందా, లేక రోజులు గడుస్తాయా?" అని డాక్టర్‌ను సూటిగా అడగాలి. రోగికి నిజం చెప్పే విషయంలోనూ ఇంట్లో వాళ్లు ఒక మాట మీదకు రావాలి. చెప్పకుండా దాచినా, చాలామంది రోగులు ముఖాలు చూసి గ్రహిస్తారు. అప్పుడు తీరని అప్పు, చెప్పాల్సిన వసీయత్, అడగాల్సిన మాఫీ అన్నీ నోట్లోనే ఉండిపోతాయి.

వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లాలి. నమాజు పడుకుని సైగలతో చదువుకోవడం, మంచం ఖిబ్లా వైపు తిప్పడం, చివరి ఘడియల్లో పక్కన కలిమా చదివేవాళ్లు ఉండటం లాంటివి కావాలంటే చేరేటప్పుడే సిబ్బందికి చెప్పడం మంచిది.

మధురానగర్ నుంచి మెట్రో ఎక్కితే మారే పని లేకుండా రాయదుర్గం చేరొచ్చు, అక్కడి నుంచి ఖాజాగూడకు ఆటోలో వెళ్లొచ్చు. ఎంఎన్‌జేకి అయితే అమీర్‌పేటలో లైన్ మారి లక్డీకాపూల్‌లో దిగాలి. జిల్లాల వాళ్లకు చేవెళ్లలో మొదలై రాష్ట్రమంతా విస్తరించిన ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి. ఇళ్లకు వెళ్లే 'ఆలన' వాహనాల గురించి జిల్లా ఆస్పత్రిలో అడగొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఉపశమన చికిత్స అవసరం. అందుతున్నది వారిలో 14 శాతం మందికే. ఇలాంటి సంస్థలకు సదఖా ఇచ్చే వాళ్లు కావాలి, వారానికి రెండు గంటలు రోగి పక్కన కూర్చునే వాళ్లూ కావాలి. ఇయాదత్ మన ఇళ్లల్లో కొత్త మాట కాదు. బంధువు కాని రోగి దగ్గరకూ వెళ్లగలిగితే హాస్పైస్ పని సగం తేలికవుతుంది.