జిల్లా పరిషత్తు అధ్యక్షుల బహిరంగ ప్రకటనలు

జిల్లా పరిషత్తు అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు జిల్లాలోని గ్రామీణ ప్రాంతమంతటికీ ఎన్నికైన ప్రథమ ప్రతినిధి. వాడుకలో ఈ పదవిని జడ్పీ ఛైర్మన్ అంటారు. తాగునీరు, సాగునీరు, పాఠశాలలు, వైద్యం, రోడ్లు, వలసలు వంటి స్థానిక సమస్యలపై ఈ అధ్యక్షులు చేసే ప్రకటనలు దినపత్రికల జిల్లా పేజీలలో తరచుగా వస్తుంటాయి. వాటిలో దేనికి చట్టబలం ఉన్నది, ఏది కేవలం మాటగా మిగిలిపోతుంది అన్న సంగతి పాఠకులలో చాలామందికి తెలియదు. పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలను ఉదాహరణగా తీసుకొని ఆ సంగతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

చారిత్రక నేపథ్యం

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో చేసిన సిఫారసుల మేరకు దేశంలో మూడంచెల పంచాయతీరాజ్ వ్యవస్థ ఏర్పడినది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో దీనిని ప్రారంభించిన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ, అదే నెలలో ఆంధ్ర ప్రదేశ్‌కు వచ్చి షాద్‌నగర్‌లో ప్రారంభించాడు. షాద్‌నగర్ అప్పుడు మహబూబ్ నగర్ జిల్లాలోనిది. కాబట్టి ఈ వ్యవస్థ రాష్ట్రంలో మొదట అడుగుపెట్టినది పాలమూరు గడ్డ మీదనే.

1959 నాటి చట్టంలో ఒక విశేషం ఉన్నది. జిల్లా పరిషత్తుకు అధ్యక్షుడిని సభ్యులు ఎన్నుకొనేవారు గాని, పరిషత్తు స్థాయీ సంఘాలకు మాత్రం కలెక్టరే అధ్యక్షత వహించేవాడు. అనగా సభలో మాట్లాడేది ఒకరు, పనుల మీద పట్టు ఉన్నది మరొకరిది. తరువాత వచ్చిన చట్టాలు స్థాయీ సంఘాలలో కలెక్టరు స్థానాన్ని తగ్గించినా, ఈ రెండింటి మధ్య దూరం పూర్తిగా పోలేదు.

1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సమితులను రద్దు చేసి మండల వ్యవస్థను తెచ్చినది. 1987 ఎన్నికలలో జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. మహబూబ్ నగర్ జిల్లాలో రెండు లోక్‌సభ నియోజకవర్గాలు ఉండేవి. ఆ లెక్కన జిల్లా అధ్యక్షునికి ఓటు వేయగలిగినవారు ఒక పార్లమెంటు సభ్యునికి ఓటు వేసేవారికంటే ఎక్కువ. అంతమంది ఓటుతో గెలిచిన వ్యక్తి నోటి మాటకు ఒక బరువు ఉండేది. అదే చట్టం మంత్రి అధ్యక్షతన జిల్లా అభివృద్ధి సమీక్షా మండలిని కూడా పెట్టడంతో ఆ బరువు కొంత తగ్గినది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినది. దానికి అనుగుణంగా చేసిన 1994 చట్టం పరోక్ష ఎన్నికను మళ్ళీ తెచ్చినది. మండలానికి ఒకరు చొప్పున ఎన్నికైన ప్రాదేశిక సభ్యులు (జడ్పీటీసీలు) తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకుంటారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 కూడా ఇదే పద్ధతిని కొనసాగించినది.

మూడు కొత్త పరిషత్తులు

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రాలైనాయి. అయితే పాత మహబూబ్ నగర్ జిల్లా పరిషత్తు మాత్రం 2014లో ఎన్నికైన బండారి భాస్కర్ అధ్యక్షతన 2019 వరకు ఉమ్మడిగానే నడిచినది. 64 మండలాలకు ఒకే సభ. అలంపూర్ సభ్యుడైనా, అమ్రాబాద్ సభ్యుడైనా తన ఊరి బోరుబావి గురించి చెప్పడానికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మహబూబ్ నగర్ చేరవలసి వచ్చేది. చేరిన తరువాత మాట్లాడే వంతు వచ్చేసరికి సాయంత్రమైతే అది సభ్యుని తప్పు కాదు.

2019 మే నెలలో ఎన్నికలు జరిగి, జూన్ 8న కొత్త అధ్యక్షుల ఎన్నిక జరిగినది. జోగులాంబ గద్వాలకు సరిత, వనపర్తికి లోకనాథరెడ్డి, నాగర్‌కర్నూలుకు పద్మావతి తొలి అధ్యక్షులైనారు. అప్పుడు గద్వాలలో 12, వనపర్తిలో 14, నాగర్‌కర్నూలులో 20 మండలాల సభ్యులు ఉండేవారు. ఆ ఏడాది రాష్ట్రంలోని 32 జిల్లా పరిషత్తుల అధ్యక్ష స్థానాలనూ తెలంగాణ రాష్ట్ర సమితి గెలుచుకున్నది. రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీయే ప్రతి జిల్లాలోనూ ఉండటం వలన, ప్రభుత్వాన్ని గట్టిగా అడిగే బాధ్యత ఎక్కువగా ప్రతిపక్ష సభ్యుల మీద, అంతకంటే ఎక్కువగా అసంతృప్తితో ఉన్న స్వపక్ష సభ్యుల మీద పడినది.

ప్రకటన, తీర్మానం, ఉత్తర్వు

విద్యార్థులు ముందుగా ఈ మూడింటి తేడా గుర్తించాలి.

ప్రకటన అంటే అధ్యక్షుడు చెప్పిన మాట. అది ఎక్కడా నమోదు కాకపోవచ్చును. పాత్రికేయులు వ్రాసుకుంటే మరునాడు పత్రికలో ఉంటుంది, లేకుంటే గాలిలో కలిసిపోతుంది.

తీర్మానం అంటే సర్వసభ్య సమావేశం ఆమోదించి, కార్యకలాపాల పుస్తకంలో వ్రాసిన నిర్ణయం. ఈ సమావేశం సాధారణంగా మూడు నెలలకు ఒకసారి జరుగుతుంది. జడ్పీటీసీలతో పాటు ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా అందులో సభ్యులే. వ్యవసాయం, నీటిపారుదల, విద్య, వైద్యం, విద్యుత్తు అంటూ శాఖలవారీగా చర్చ సాగుతుంది. జిల్లా అధికారులు లేచి తమ శాఖ ప్రగతి నివేదిక చదువుతారు, సభ్యులు నిలదీస్తారు. ఇది కాక ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు అని ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి. తీర్మానానికి కాగితం ఉంటుంది కనుక దానికి జవాబు అడగవచ్చును.

ఉత్తర్వు అంటే అమలు చేసి తీరవలసిన ఆజ్ఞ. పరిషత్తు తన నిధులతో చేసే పనుల విషయంలో ముఖ్య కార్యనిర్వహణాధికారి (సీఈవో) ద్వారా ఉత్తర్వు వెలువడుతుంది. తక్కిన వాటిలో ఉత్తర్వు కలెక్టరుదో, శాఖాధిపతిదో, రాష్ట్ర ప్రభుత్వానిదో అవుతుంది.

ఇది తెలిసినవారు పత్రికా వార్తను వేరుగా చదువుతారు. "ప్రభుత్వం దృష్టికి తీసుకువెళతాం" అని ఉంటే ఆ అధికారం తమకు లేదని అర్థం. "అధికారులను ఆదేశించారు" అని ఉంటే ఆ అధికారి ఏ శాఖవాడో చూసుకోవాలి. విద్యుత్తు పంపిణీ సంస్థ ఇంజనీరును జిల్లా పరిషత్తు కోరగలదు, సభకు పిలిచి ప్రశ్నించగలదు, కాని అతని పని మీద ఉత్తర్వు ఇవ్వలేదు. "నిధులు మంజూరు చేస్తాం" అని ఉంటే ఏ పద్దు నుండి అని అడగాలి. "సమావేశానికి రాని అధికారులపై చర్యలు తీసుకుంటాం" అన్నది బహుశా అన్ని జిల్లాలలోనూ అత్యధికంగా వినిపించే మాట. అది అన్నిసార్లు వినిపించవలసి రావడమే పరిస్థితిని చెబుతున్నది.

శిలాఫలకం మీద పేరు లేదనో, ప్రారంభోత్సవానికి పిలవలేదనో చేసే ప్రోటోకాల్ ప్రకటనలు మరొక రకం. వీటిని చూసి నవ్వుకునేవారు ఉన్నారు. కాని నిధులు లేని పదవిలో ఉన్నవారికి గౌరవమే మిగిలిన ఆస్తి అన్నది కూడా నిజం.

నడిగడ్డ: ఆర్డీఎస్ నీరు

కృష్ణ, తుంగభద్ర నదుల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు పెద్ద నదులు పారుతున్నా ఇక్కడి పొలాలు చాలాకాలం వాన మీదనే ఆధారపడినాయి. తుంగభద్రపై నిర్మించిన రాజోలిబండ మళ్ళింపు పథకానికి (ఆర్డీఎస్) కేటాయించిన నీరు 17.1 టీఎంసీలు. అందులో 1.2 కర్ణాటక వాటా, 15.9 తెలంగాణ వాటా. తెలంగాణ వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. కాలువ పొడవు సుమారు 143 కిలోమీటర్లు. దానిలో మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటకలోనే ఉన్నాయి. ఆనకట్ట తలుపు, కాలువ మొదలు పొరుగు రాష్ట్రంలో, నీరందని చివరి పొలాలు అలంపూర్ ప్రాంతంలో.

చివరి ఆయకట్టు రైతు అడిగేది తన జడ్పీటీసీని. ఆ సభ్యుడు సభలో లేవనెత్తుతాడు. అధ్యక్షుడు ప్రకటన చేస్తాడు. రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాలలో చిన్న నీటిపారుదల ఉన్నది గాని, భారీ నీటిపారుదల లేదు. అది రాష్ట్ర ప్రభుత్వానిది, అంతర్రాష్ట్ర నదుల విషయమైతే కేంద్రానికి కూడా సంబంధించినది. కాబట్టి జిల్లా పరిషత్తు తీర్మానం హైదరాబాదు చేరి, అక్కడి నుండి బెంగుళూరుకు, తుంగభద్ర బోర్డుకు ఉత్తరమై వెళ్ళవలసినదే. 2003లో కె.చంద్రశేఖరరావు అలంపూర్ నుండి గద్వాలకు పాదయాత్ర చేసినది ఈ నీటి కోసమే. చివరకు ఉపశమనం కలిగించినది వేరొక మార్గం. తుంగభద్ర నుండి నీటిని ఎత్తి ఆర్డీఎస్ కాలువలో పోసే తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకాన్ని 2018లో రాష్ట్ర ప్రభుత్వం చేపట్టినది.

ఇదే ప్రాంతంలో విత్తన పత్తి సాగు విస్తారంగా ఉన్నది. రైతుకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజర్లు ఉంటారు. చెల్లింపులు ఆలస్యమైనా, విత్తనం పరీక్షలో విఫలమైనదని తిప్పి పంపినా రైతు చేతిలో సరైన కాగితం ఉండదు. వ్యవసాయం 11వ షెడ్యూలులో మొదటి అంశమే అయినా, విత్తనాల మీద అధికారం 1966 విత్తన చట్టం, 2007 పత్తి విత్తనాల చట్టం క్రింద ప్రభుత్వాలకే ఉన్నది. ఇక్కడ అధ్యక్షుని ప్రకటన చేయగలిగినది కంపెనీలను, రైతులను, కలెక్టరును ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం. అది చిన్న పని కాదు.

నల్లమల: యురేనియం వివాదం

2019 మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సానుకూలత తెలిపినది. నాలుగు వేల బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. అడవిలోని చెంచు పెంటలకు, కృష్ణా నీటికి ముప్పు అని నాగర్‌కర్నూలు జిల్లాలో ఆందోళన చెలరేగినది. కొత్త జిల్లా పరిషత్తు ఏర్పడినది సరిగ్గా ఆ వేసవిలోనే.

ఈ సందర్భంలో గ్రామ పంచాయతీలు చేసిన వ్యతిరేక తీర్మానాలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాలలో 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు కొన్ని హక్కులను ఇచ్చినాయి. ఒడిషాలోని నియమగిరి కొండలలో బాక్సైటు తవ్వకం విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల అభిప్రాయం కోరగా, 12 గ్రామసభలూ వద్దన్నాయి, తవ్వకం ఆగిపోయినది. అంటే కొన్ని విషయాలలో జిల్లా అధ్యక్షుని ప్రకటనకు లేని బలం, చెట్టు క్రింద కూర్చున్న గ్రామసభ తీర్మానానికి ఉన్నది. నల్లమల విషయం న్యాయస్థానం దాకా సాగనవసరం లేకుండా, 2019 సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసినది.

పాఠశాలలు, నిధులు

పల్లెలలో ఉన్నత పాఠశాల బోర్డు మీద మొదట కనిపించే మాట జిల్లా పరిషత్తే. వాటిలో పనిచేసిన ఉపాధ్యాయుల భవిష్య నిధి ఖాతాలు కూడా పరిషత్తు కార్యాలయంలోనే ఉండేవి. కాని ఉపాధ్యాయుల నియామకం, బదిలీలు, పాఠ్యక్రమం రాష్ట్ర విద్యాశాఖ చేతిలో ఉన్నాయి. గణితానికి ఉపాధ్యాయుడు లేని పాఠశాలకు వెళ్ళి అధ్యక్షుడు త్వరలో భర్తీ చేస్తామని చెబితే, ఆ మాట నిజం కావడానికి రాష్ట్ర స్థాయిలో నియామక పరీక్ష జరగాలి. ప్రహరీ గోడ, అదనపు గది, మరుగుదొడ్డి మాత్రం పరిషత్తు తన పరిధిలో చేయగలిగిన పనులు. పిల్లల తల్లిదండ్రులు వీటి కోసం అడిగితే ఫలితం ఉంటుంది.

అయితే వీటికైనా డబ్బు కావాలి. 14వ ఆర్థిక సంఘం 2015-20 కాలానికి గ్రాంటులన్నీ గ్రామ పంచాయతీలకే ఇచ్చినది, మండల, జిల్లా పరిషత్తులకు ఒక్క రూపాయి రాలేదు. 15వ ఆర్థిక సంఘం 2020-21 నుండి మూడు అంచెలకూ మళ్ళీ ఇచ్చినా, జిల్లా అంచె వాటా 5 నుండి 15 శాతం లోపే. వలసల విషయం కూడా ఇటువంటిదే. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 2006లో మహబూబ్ నగర్ జిల్లాకు మొదటి విడతలోనే వచ్చినది. పనుల జాబితాను ఆమోదించే బాధ్యతను ఆ చట్టం జిల్లా పంచాయతీకి ఇచ్చినది. వలస ఆపుతామన్న ప్రకటనలకు చేతిలో ఒక పనిముట్టు దొరికినది అప్పుడే.

ఇతర దేశాలలో

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జిల్లా వంటి విభాగాన్ని కౌంటీ అంటారు. అక్కడ 58 కౌంటీలు ఉన్నాయి. వాటి పాలక మండలి సభ్యులను సూపర్‌వైజర్లు అంటారు, ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. సుమారు కోటి జనాభా గల లాస్ ఏంజెలెస్ కౌంటీని ఐదుగురు సూపర్‌వైజర్ల మండలి పాలిస్తూ వచ్చినది. ఆ సంఖ్యను తొమ్మిదికి పెంచడానికి 2024లో ఓటర్లు ఆమోదం తెలిపారు. ఈ మండలి బడ్జెటును ఆమోదిస్తుంది, స్థానిక శాసనాలు చేస్తుంది. అందువలన సూపర్‌వైజరు చేసే ప్రకటన చాలా సార్లు తన అధికార పరిధిలోని పని గురించే అవుతుంది. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సమావేశాలు బహిరంగంగా జరగాలి, సామాన్య పౌరుడు లేచి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. మన జిల్లా పరిషత్తు సమావేశంలో సామాన్యునికి మాట్లాడే వంతు లేదు. అతడు మాట్లాడగలిగినది గ్రామసభలో.

2024 తరువాత

2019లో ఎన్నికైన పరిషత్తుల పదవీకాలం 2024 జూలైలో ముగిసినది. వెంటనే ఎన్నికలు జరగలేదు. ప్రభుత్వం ప్రత్యేకాధికారులను నియమించినది. రోజువారీ పనులు సాగినాయి, జీతాలు అందినాయి. ఆగిపోయినది సర్వసభ్య సమావేశం. మండల సభ్యుడు లేచి ఇంజనీరును ప్రశ్నించే చోటు, ఆ ప్రశ్న కార్యకలాపాల పుస్తకంలోకి ఎక్కే అవకాశం లేకుండా పోయినాయి. గ్రామస్థుడు తన అర్జీని సోమవారం నాడు కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇచ్చుకోవలసి వచ్చినది. అక్కడ అర్జీకి రసీదు ఇస్తారు. ఆ రసీదును, అంతకు ముందు తన ఊరి సమస్యపై జిల్లా పరిషత్తు ఏదైనా తీర్మానం చేసి ఉంటే దాని నకలును కలిపి ఉంచుకోవడం మంచిది. తీర్మానాల నకళ్ళను సమాచార హక్కు చట్టం, 2005 క్రింద జిల్లా పరిషత్తు కార్యాలయం నుండి పొందవచ్చును.