‘పారా’ అంటే పక్కన

ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే పారాగ్రాఫ్. లెక్కల్లో పారలల్ లైన్స్. జువాలజీలో పారసైట్. జ్వరమొస్తే పారాసిటమాల్. టెన్త్ అయ్యాక నంద్యాలలో ఏ పారామెడికల్ కోర్సులోనో చేరితే ఈ ‘పారా’ అక్కడికీ వెంట వస్తుంది. తెలుగు మీడియంలో చదివి ఇంటర్లో ఇంగ్లీషు పుస్తకాలు పట్టిన మన హాస్టల్ పిల్లలు చాలామంది ఈ మాటల్ని విడివిడిగా బట్టీ పడుతుంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అంత కష్టం అక్కర్లేదు. ముందున్న ముక్క పట్టుకుంటే సగం అర్థం చేతికొస్తుంది.

‘పారా’ గ్రీకు మాట. దాని మొదటి అర్థం ‘పక్కన’. మిగతా అర్థాలు ఇందులోంచి పుట్టినవే. పక్కన నిలబడి సాయం చేస్తే ‘తోడుగా’, పక్కనుంచి దాటిపోతే ‘మించి’, పక్కకు తప్పుకుంటే ‘విరుద్ధంగా’. డాక్టరు పక్కన తోడుగా పనిచేసేవారు పారామెడికల్ సిబ్బంది. ‘డాక్సా’ అంటే అభిప్రాయం కాబట్టి, నలుగురూ అనుకునేదానికి విరుద్ధంగా తోచే మాట పారాడాక్స్. మన పల్లెల్లో ‘పారా కాయడం’ అంటాం కదా, అది వేరు. అది హిందీ ‘పహరా’ నుంచి వచ్చింది. రాత్రి హాస్టల్ వాచ్‌మన్ కాసే పారాకూ గ్రీకుకూ చుట్టరికం లేదు.

పారాగ్రాఫ్ కథ బాగుంటుంది. పాత గ్రీకు రాతప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలేవారు కాదు. ఒక విషయం ముగిసి మరొకటి మొదలయ్యే చోట, వరుస పక్కన మార్జిన్లో చిన్న అడ్డగీత గీసేవారు. ‘పక్కన రాసినది’ అనే అర్థంలో ఆ గీతను పారాగ్రాఫోస్ అన్నారు. గీత పోయింది, పేరు మిగిలింది. పారలల్ అంటే ‘ఒకదాని పక్కన ఒకటి’. నంద్యాల స్టేషన్లో పట్టాలు చూస్తే చాలు. ఆళ్లగడ్డ వాళ్లకు రైలు లేదు కాబట్టి కర్నూలు–కడప హైవే మీద డివైడరుకు అటూ ఇటూ ఉన్న రోడ్లు చూసుకోవచ్చు.

పెరాలసిస్‌లో ‘లైసిస్’ అంటే సడలిపోవడం. ఒక పక్క సడలిపోయే జబ్బు అన్నమాట. మన పెద్దలు దాన్నే పక్షవాతం అన్నారు. పక్షం అన్నా పక్కే! ఎక్కడి గ్రీసు, ఎక్కడి మనం?

పారాసిటమాల్‌లో మాత్రం ‘పక్కన’ కోసం వెతకకండి. బెంజీన్ వలయంలో ఒకటో కార్బన్‌కు నేరుగా ఎదురుగా ఉన్న నాలుగో స్థానాన్ని రసాయన శాస్త్రంలో పారా అంటారు. నిజంగా పక్కనున్న స్థానం పేరు ఆర్థో. ఇది బైపీసీ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తిరకాసు.

అర్థం మన కాలంలోనే మారిన మాట పారాలింపిక్స్. మొదట్లో అది పారాప్లీజియా, అంటే నడుము కింది భాగం చచ్చుబడిన క్రీడాకారుల ఆటలను దృష్టిలో పెట్టుకుని పుట్టిన పేరు. ఆ తర్వాత ఇతర వైకల్యాలున్నవారూ చేరారు. ఇప్పుడు ‘ఒలింపిక్స్ పక్కన, దానితో సమానంగా జరిగేవి’ అని అర్థం చెబుతున్నారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చిన దీప్తి జీవాంజిది వరంగల్ జిల్లా కల్లెడ. ఆమె పరుగెత్తింది మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో.

ఇక పారసైట్. ‘సీటోస్’ అంటే ధాన్యం, తిండి. కాబట్టి పారసీటోస్ అంటే ‘పక్కన కూర్చుని తినేవాడు’. పాత ఏథెన్సులో ఇది గౌరవమైన పేరు. గుడి పండుగల్లో దేవుడి భోజనానికి పూజారుల సరసన కూర్చోవడానికి ఎంపికైనవారిని అలా పిలిచేవారు. తర్వాత హాస్య నాటకాలు రాసేవాళ్లు ఆ మాటను, ధనవంతులను పొగిడి పూట గడుపుకునేవాడికి తగిలించారు. ఇంగ్లీషులోకి వచ్చింది ఈ తిట్టే. జీవశాస్త్రం ఇంకా తర్వాత దాన్ని నులిపురుగుకీ బంగారు తీగకీ వాడింది. తెలుగులో పరాన్నజీవి అన్నాం. ఇక్కడి ‘పర’ గ్రీకు పారా కాదు, సంస్కృతం. పరాయి అని అర్థం. అంటే ‘పక్కన తినేవాడు’ కాస్తా ‘పరాయి అన్నం తినేవాడు’ అయ్యాడు.

‘సర్కారు తిండి తిని పెరుగుతున్నారు’ అనే మాట మనలో విననివారు తక్కువ. అన్నవాళ్లకు పారసైట్ పాత అర్థం తెలియదు. మన తాతలు కొందరి ఇళ్లలో పంక్తికి దూరంగా, ఆకు విడిగా వేసుకుని కూర్చోవాల్సి వచ్చిన ఊళ్లు ఇవే. హాస్టల్లో ఏ ఊరివాడి పక్కన ఏ ఊరివాడు ప్లేటు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. ఆ వరుసకు గ్రీకువాళ్ల మొదటి అర్థమే అతుకుతుందని నా లెక్క.

అన్ని ‘పారా’లూ గ్రీకువి కావు, జాగ్రత్త. పారాచూట్‌లోని పారా లాటిన్ నుంచి ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా వచ్చింది. అర్థం ‘ఆపేది, కాచేది’. పారాచూట్ పడిపోకుండా కాస్తుంది. మేడ మీది పారాపెట్, అంటే మన పిట్టగోడ, ఇటాలియన్లో రొమ్మును కాచేది. పారాట్రూపర్ అన్న మాట పారాచూట్ నుంచి పుట్టినదే.

పార్లమెంటు కూడా ఇలాంటిదే అనిపిస్తుంది. ‘మాట్లాడటం’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిందని డిక్షనరీ చెబుతుంది. ఇంకొంచెం వెనక్కి తవ్వండి. ఆ ఫ్రెంచి మాటకు మూలం గ్రీకు ‘పారబొలే’, అంటే ఒకదాని పక్కన ఇంకొకటి వేసి పోల్చి చెప్పడం. లెక్కల్లోని పారబోలాదీ ఆ ఇల్లే. 1977లో నీలం సంజీవరెడ్డిని, 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుని నంద్యాల ఓటర్లు పంపింది అలాంటి పేరున్న చోటికే.