సికింద్రాబాద్ బసిలికాలో ముందు కాసేపు కూర్చోండి

మా చోడవరం నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లలో చాలామంది అనకాపల్లిలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగుతారు. దిగీదిగగానే పనుల మీద పరుగెడతారు. స్టేషన్‌కు దగ్గర్లో, సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చిని ఒకసారి చూసి రమ్మని మా ఊరి పిల్లలకు చెబుతుంటాను. నేను క్రైస్తవురాలిని కాను. స్వయంభూ విఘ్నేశ్వరుడికి మొక్కి పెరిగినదాన్ని. అయినా ఆ దేవాలయమంటే నాకు ఎంతో గౌరవం.

అప్పట్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని బ్రిటిష్ సైన్యంలో ఐర్లండ్ కాథలిక్కులు చాలామంది ఉండేవారు. వాళ్ల కోసం, తానూ ఐర్లండ్‌లోనే పుట్టిన ఫాదర్ డేనియల్ మర్ఫీ 1847లో ఈ చర్చి పని మొదలుపెట్టించారు. 1850కి గుడి పూర్తయింది. ఆ తర్వాత ఆయన ఆస్ట్రేలియా దిగువనున్న టాస్మేనియా దీవికి వెళ్లి, హోబార్ట్ ఆర్చిబిషప్ అయ్యారు. ఊరుగాని ఊరొచ్చిన సిపాయిలు మోకరిల్లిన చోటే ఇప్పుడు మన తెలుగువాళ్లు జపమాల తిప్పుతున్నారు.

2008లో ఈ చర్చికి బసిలికా హోదా దక్కింది. బసిలికా, కథెడ్రల్ ఒకటి కావు. బిషప్ పీఠం ఉన్న గుడి కథెడ్రల్. హైదరాబాద్‌లో అది గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్. బసిలికా అన్నది పోప్ ఇచ్చే గౌరవం. కట్టడం ఎంత పెద్దదన్నదొక్కటే చూసి ఇవ్వరు; దాని చరిత్రనూ, అక్కడ సాగే ఆరాధననూ చూస్తారు. మేజర్ బసిలికాలు నాలుగే, నాలుగూ రోమ్‌లోనే ఉన్నాయి. మిగిలినవన్నీ మైనర్ బసిలికాలు. మనవాళ్లు మొక్కులకు వెళ్లే వేళాంగణ్ణికి ఆ హోదా 1962లో వచ్చింది. ఎరుపు, పసుపు చారల పట్టుగొడుగు, చిన్న గంట, పోప్ తాళంచెవుల ముద్ర ఈ హోదాకు గుర్తులు. ఆ గొడుగు మన ఊరేగింపుల్లో ఉత్సవమూర్తికి పట్టే గొడుగులాంటిదే.

లోపలికి వెళ్లగానే ఫోన్ తీయకండి. వెనక బల్ల మీద కాసేపు కూర్చోండి. బలిపీఠం దగ్గర వెలిగే చిన్న దీపం అక్కడి మందసంలో దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కాథలిక్కులు నమ్మే అప్పం, ఉందని చెబుతుంది. అందుకే భక్తులు అటు తిరిగి మోకరిల్లుతారు. పూజ జరుగుతుంటే అటూ ఇటూ తిరగకూడదు. సత్ప్రసాదం కాథలిక్కులకే ఇస్తారు కాబట్టి ఆ సమయంలో మనం కూర్చున్నచోటే ఉండాలి. అది వాళ్ల విశ్వాసానికి మనమిచ్చే మర్యాద.

కోసుగా లేచిన కమానులను తీరిగ్గా చూడాలంటే పూజ లేని వేళ వెళ్లండి. జనం భక్తిని చూడాలంటే మరియమాత మోక్షారోపణ పండుగ జరిగే ఆగస్టు 15న వెళ్లండి. ఎప్పుడు వెళ్లినా, చూడ్డానికి వెళ్లిన మనం మొక్కుకోవడానికి వచ్చినవాళ్లకు అడ్డు కాకూడదు.